పెరట్లో జింకలు ఎక్కువైతే ఏం చేయాలి: ఫెయిర్‌ఫ్యాక్స్ పద్ధతి

వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, తోట వేసిన వాళ్లందరికీ తెల్లతోక జింకల టెన్షన్ తెలుసు. 1998 నుంచి కౌంటీకి దీనికోసమే ఒక కార్యక్రమం ఉంది.

ముందు మేత పెట్టడం మానండి, పిల్లలు ముచ్చటపడినా సరే. మీ స్థలంలో విల్లుతో వేటాడించాలంటే స్థానిక ఆర్డినెన్స్ (ఊరి పాలకమండలి పెట్టిన చట్టం) చదవండి, ఊరు మారితే రూల్ మారుతుంది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉన్నవాళ్లకే, కాగితం మీద రాసి అనుమతి ఇవ్వండి. చెట్టుకు కట్టిన మంచె మీద నుంచే వేయమనండి, అలాగైతే బాణం కిందకు దిగి నేలలో ఆగుతుంది, పక్కింటి వైపు పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఆడజింకలు తగ్గితేనే మంద తగ్గుతుంది, మగజింకల కొమ్ముల కోసం వచ్చే వేటగాళ్లకు ఆ మాట ముందే చెప్పండి. గాయపడ్డ జింక పక్కవాళ్ల పెరట్లో పడొచ్చు, వాళ్లతోనూ మాట్లాడి ఉంచండి.