మద్రాసు ఉక్కలో మేడ మీది కోళ్ళు

చెన్నైలో కత్తిరి ఎండలు మొదలయ్యాయంటే, మేడ మీద కోళ్ళు పెంచే మనవాళ్ళు ముందు చేసే పని గూటికి నాలుగు పక్కలా తడి గోనెసంచులు కట్టడం. కడప నుంచి మా అత్త ఫోన్‌లో చెప్పేదీ అదే. అక్కడి పొడి గాలికి అది బాగా పనిచేస్తుంది. ఇక్కడి ఉక్కకు అలా కడితే గూడు ఇడ్లీ పాత్రవుతుంది.

కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. నోరు తెరిచి రొప్పితే లోపలి తడి ఆవిరై కాస్త చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఎంత రొప్పినా ఫలితం తక్కువ. అందుకే చెన్నైలోని మా పెరంబూరులో నా లెక్క ఒకటే: ముందు గాలి, తర్వాతే నీళ్ళు.

మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. ఆ వైపు వల తప్ప ఇంకేమీ అడ్డం ఉంచకండి. గాలి తిరగని రోజు టేబుల్ ఫ్యాన్ పెట్టండి, వైరు ముక్కుకు అందకుండా. రేకు మీద కొబ్బరి మట్టలు మందంగా పరవండి. తడి సంచి కట్టి తీరాలంటే పడమటి వైపు ఒక్కటి చాలు, అదీ ఫ్యాన్ తిరుగుతుంటేనే.

నీళ్ళ సంగతి. మేడ మీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళు పన్నెండింటికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. కోడి ముక్కు ముంచి, తల విదిలించి వెళ్ళిపోతుంది. మనమేమో గిన్నె నిండుగానే ఉందిలే అనుకుంటాం. తెల్లవారుజామునే కుండలో పట్టి పెట్టుకుని, మట్టి మూకుళ్ళలో రెండు మూడు చోట్ల పోయండి. ఒకే చోట పెడితే పెత్తనం చేసే పెట్ట మిగతావాటిని రానివ్వదు.

మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. కాబట్టి నూకలు, మొక్కజొన్న తెల్లారగానే, మళ్ళీ పొద్దు వాలాకే. మధ్యలో పుచ్చకాయ తొక్కలు వేస్తే చాలు. రొప్పే పెట్టల గుడ్లకు పెంకు పలచబడుతుంది. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది గనక గవ్వల పొడి సాయంత్రం మేతతో పెట్టండి.

రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసి కూలబడిన కోడిని నీడకు తెచ్చి, కాళ్ళు మామూలు నీళ్ళలో ఉంచి విసరండి. ఐసు నీళ్ళలో ముంచకండి, షాక్ తగులుతుంది. గొంతులో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు చివర తడిపితే అదే తాగుతుంది. తేరుకున్నాక ఓఆర్ఎస్ ఒక మూకుడులో, మామూలు నీళ్ళు ఇంకో మూకుడులో పెట్టండి.

ఎండ రొప్పు రాత్రి చల్లబడేసరికి తగ్గాలి. తెల్లారినా ఒక్క కోడి మాత్రం నోరు తెరుచుకుని ఉంటే అది ఎండ పని కాకపోవచ్చు. దాన్ని వేరే బుట్టలో పెట్టి వేపేరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.