చదువుల టెన్షన్ - 3వ పాఠం: భయానికి లెక్క కట్టడం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను: రాత్రి పడుకునే ముందు బుర్రలో తిరిగేవన్నీ కాగితం మీద రాయమని. ఈపాటికి మూడు నాలుగు కాగితాలు పోగై ఉండాలి. రాయలేదా? అయితే ఇక్కడే ఆగి, పది నిమిషాలు కూర్చుని రాసి రండి. ఆ కాగితం లేకుండా ఈ పాఠం చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే.

ఇప్పుడు పెన్ను తీసుకుని, అంకెల్లో చెప్పగలిగిన వాటికి మాత్రం సున్నా చుట్టండి. అటెండెన్స్, బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు), రాయాల్సిన ల్యాబ్ రికార్డులు, మెస్ బిల్లు. "నాన్న ఫోన్ చేస్తే ఏం చెప్పాలి", "రూమ్మేట్‌కి ప్లేస్‌మెంట్ వచ్చింది, నాకు రాలేదు" లాంటివి అలాగే వదిలేయండి. వాటి దారి వేరు.

ముందు అటెండెన్స్. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో బీటెక్ చదివేవాళ్లనే తీసుకుందాం. సెమిస్టర్ పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 లోపు ఉంటే సరైన కారణం, దానికి ఆధారం చూపించి కండొనేషన్, అంటే ఆ తక్కువకి మినహాయింపు, అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం కాలేజీ కమిటీ చేతిలో పని. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఇదంతా క్యాంటీన్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు. ఇంకా ఎన్ని క్లాసులకు వెళ్తే గట్టెక్కుతామో మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు.

ఇప్పటిదాకా 300 పీరియడ్లు జరిగాయి, మీరు 201కి వెళ్లారు అనుకుందాం. 67 శాతం. సెమిస్టర్ మొత్తానికి 450 జరుగుతాయనుకుంటే అందులో 75 శాతం 337న్నర, అంటే 338. ఇంకా 137 కావాలి, మిగిలినవి 150. కాబట్టి మీరు మానగలిగినవి 13. రోజుకు ఆరు పీరియడ్లయితే రెండు రోజులు, పైన ఒక్క పీరియడ్. జ్వరమొచ్చినా, అక్క పెళ్లయినా అందులోనే సర్దుకోవాలి. 67 అన్న అంకె భయపెట్టి ఊరుకుంటుంది. రేపు పొద్దున మొదటి పీరియడ్‌కి లేవాలా వద్దా అన్నది 13 చెప్తుంది.

నేను ఈ లెక్క వేయకే రెండో ఏడాదిలో బోల్తాపడ్డాను. ప్రతి సోమవారం "ఈ వారం ఒక్కటీ మానను" అని ఒట్టు. బుధవారానికి రికార్డు పూర్తికాలేదని ల్యాబ్ ఎగ్గొట్టేవాణ్ణి. ల్యాబ్ ఎగ్గొట్టాక మధ్యాహ్నం క్లాసుకు వెళ్లడానికి మొహం చెల్లేది కాదు. షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డులో పెట్టిన రోజు పైనుంచి చదివే ధైర్యం లేక, కింది నుంచి పైకి వేలు పెట్టి నంబరు వెతుక్కున్నాను. ఉంది. అదే సెమిస్టర్‌లో టైఫాయిడ్ వచ్చిన కాగితాలు ఉండబట్టి బయటపడ్డాను. కండొనేషన్ ఫీజుకి మాత్రం ఇంట్లో పుస్తకాలు కొనాలని చెప్పాను. ఆ అబద్ధం తాలూకు టెన్షన్ అటెండెన్స్ టెన్షన్ కంటే ఎక్కువ రోజులు నడిచింది.

రికార్డులకీ ఇదే పద్ధతి. గడియారం పెట్టుకుని ఒక్క ప్రయోగం రాయండి. నలభై నిమిషాలు పట్టిందా? ఆరు మిగిలితే నాలుగు గంటలు. "రాత్రంతా కూర్చోవాలి" అనుకున్న పని రెండు సాయంత్రాలకు దిగుతుంది.

బ్యాక్‌లాగ్ సబ్జెక్టుకి 15 రోజులుంటే, ఐదు యూనిట్లని రోజులకు పంచేటప్పుడు మొత్తం 15 వాడేయకండి. చివరి ఐదు రోజులు పాత ప్రశ్నపత్రాలకు ఉంచి, యూనిట్‌కి రెండు రోజులు ఇవ్వండి. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది రాసి చూసుకోండి. మళ్లీ మళ్లీ చదివితే అంతా వచ్చినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో తెలుస్తుంది సంగతి.

ఒక్క మాట. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా ఇలాంటి పాఠాలతో సరిపెట్టుకోవద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ వారం అభ్యాసం: సున్నా చుట్టిన వాటిలో ఏవైనా రెండింటికి లెక్క వేసి, వచ్చిన అంకెను మంచం పక్క గోడ మీద అంటించండి. సున్నా చుట్టనివి వేరే కాగితం మీద ఎక్కించి దాచుకోండి. వచ్చే పాఠం నాన్న ఫోన్‌తో మొదలుపెడదాం.