మస్కట్ కథ నమ్మే ముందు తేదీలు చూడండి

చదువుకునే రోజుల్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం పాత విద్యార్థి పత్రికలను ఒక్కో పేజీ స్కాన్ చేయడం. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం, దాని కింద కిటికీలు లేని గది, వారానికి ఇరవై గంటలు. పేజీలు తిప్పుతూ చదవకుండా ఉండటం నాకు చేతకాలేదు. అలా తెలిసింది, మస్కట్ (కాలేజీ జట్టుకు గుర్తుగా మైదానంలో తిరిగే జంతువో వేషమో) గురించి క్యాంపస్‌లోని శిలాఫలకం చెప్పే కథ ఒకటి, అది పుట్టిన ఏడాది పత్రికలో అచ్చయిన కథ మరొకటి అని. అంతకు ముందు కొత్త విద్యార్థులకు క్యాంపస్ చూపిస్తూ నేనూ ఫలకం కథనే ఒప్పజెప్పేవాణ్ని. ఒకసారి గుంపులోంచి ఓ పెద్దావిడ, ‘ఆ ఏడాది నేను ఇక్కడే చదివాను, అలా జరగలేదు’ అన్నారు. అందరి ముందూ. ఆ తర్వాత నుంచి చూడకుండా చెప్పడం మానేశాను.

మీరో మీ పిల్లలో అక్కడ ఏదైనా కాలేజీలో చేరి, మైదానంలో గంతులేసే ఆ ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వాలనుకుంటే, ముందుగా పేరునూ బొమ్మనూ విడదీయండి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. అలబామా జట్టు పేరు క్రిమ్సన్ టైడ్, అంటే ఎర్రటి కెరటం. మైదానంలో తిరిగేది మాత్రం ఏనుగు. కెరటానికీ ఏనుగుకూ చుట్టరికం ఏమీ లేదు. 1930లో అట్లాంటా పత్రిక విలేకరి ఒకాయన, ఆ జట్టు భారీకాయులు మైదానంలోకి దిగడం చూసి ఏనుగులతో పోల్చాడు. పేరు వేరే, పోలిక వేరే. రెండింటికీ ఒకే పుట్టుక వెతికితే దొరకదు. స్టాన్‌ఫర్డ్ ఇంకా విచిత్రం. జట్టు పేరు కార్డినల్, అది పక్షి కాదు, ఎరుపు రంగు. విశ్వవిద్యాలయానికి అధికారిక మస్కట్ అంటూ లేదు. మీరు టీవీలో చూసే చెట్టు వాద్యబృందం సొత్తు, 1975 నుంచి తిరుగుతోంది. ఏటా చెట్టు వేషం దక్కినవాళ్లు తమ వేషం తామే కొత్తగా కుట్టుకుంటారు. అందుకే రెండు ఫొటోల్లో చెట్టు ఒకేలా ఉండదు.

తర్వాత, ఆ పేరు పెట్టింది స్నేహితుడా, శత్రువా అని అడగండి. నా అనుభవంలో శత్రువులే మంచి పేర్లు పెట్టారు. 1891లో పర్డ్యూ జట్టు వాబాష్ కాలేజీని వాళ్ల ఊళ్లోనే 44–0తో మట్టికరిపించింది. కడుపు మండిన ఆ ఊరి పత్రిక, వచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు కాదు, బాయిలర్లు తయారుచేసే మోటువాళ్లు అన్న ధోరణిలో శీర్షిక పెట్టింది. పర్డ్యూ విద్యార్థులకు ఆ తిట్టు తెగ నచ్చింది. ఇవాళ్టికీ వాళ్లు బాయిలర్‌మేకర్లే.

శత్రువు కాకపోతే, అల్లరి మూక. కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్‌లో విద్యార్థులు చాలాకాలంగా బనానా స్లగ్‌ను తమదిగా చెప్పుకునేవారు. అరటిపండు రంగులో, రెడ్‌వుడ్ చెట్ల కింద జిగురు పూసుకుంటూ పాకే, గుల్ల లేని నత్త అది. క్రీడాజట్లకు గౌరవంగా ఉంటుందని పెద్దలు సముద్రసింహాన్ని ఎంచారు. విద్యార్థులు ఊరుకోలేదు. 1986లో ఓటు పెడితే నత్తే గెలిచింది, ఛాన్సలర్ తలవంచక తప్పలేదు. అరిజోనాలోని స్కాట్స్‌డేల్ కమ్యూనిటీ కాలేజీలో క్రీడలకు ధారపోస్తున్న డబ్బుపై కోపంతో 1970ల మొదట్లో విద్యార్థులు తమ జట్టుకు ఆర్టిచోక్ అనే కూరగాయ పేరు పెట్టించారు. వెక్కిరింతగా పుట్టిన పేరు ఇప్పుడు టీషర్టుల మీద గర్వంగా కనిపిస్తుంది. ఇలాంటి కథలకు ఓట్ల లెక్కలు, వాదోపవాదాల ఉత్తరాలు పత్రికల్లో తప్పక ఉంటాయి, వెతకడం తేలిక.

కష్టమల్లా అందరికీ నచ్చే కథలతో. వాటికి ఒకటే మందు: ఒక కాగితం తీసుకుని తేదీలు వరుసగా రాయండి. టెక్సస్ విశ్వవిద్యాలయం ఎద్దు బీవో కథ చూడండి. ప్రచారంలో ఉన్నది ఇది: 1915లో పోటీ విశ్వవిద్యాలయమైన టెక్సస్ ఎ అండ్ ఎం జట్టు వాళ్ల మీద 13–0తో గెలిచింది. ఆ స్కోరును వాళ్లు రాత్రికి రాత్రి వచ్చి ఎద్దు ఒంటి మీద వాతగా వేశారు. అవమానం దాచడానికి టెక్సస్ విద్యార్థులు ఒకటిని మూడుకు అతికించి ‘బి’ చేశారు, అడ్డగీతను ‘ఈ’ చేశారు, పక్కన ‘వి’ ఇరికించారు, సున్నా ఎలాగూ ‘ఓ’యే. బీవో! కాగితం మీద గీసి చూస్తే అచ్చం కుదురుతుంది. అంత చక్కగా కుదరడమే నాకు అనుమానం పుట్టించింది.

ఇప్పుడు తేదీలు. ఎద్దును మైదానంలో మొదటిసారి చూపించింది 1916 థ్యాంక్స్‌గివింగ్ (నవంబరు చివర్లో వచ్చే అమెరికా పండుగ) రోజున. పూర్వవిద్యార్థుల పత్రిక దానికి బీవో అని పేరు అచ్చువేసింది అదే ఏడాది డిసెంబరులో. వాత పడింది 1917 ఫిబ్రవరిలో. పేరు రెండు నెలలు ముందే ఉంది! తర్వాత వాతను దిద్దారా లేదా అన్నది వేరే మాట, పేరు మాత్రం దానిలోంచి పుట్టలేదు. ఆ రోజుల్లో కోతకు పెంచే పశువును బీవ్ అనేవారు, దాని చివర ‘ఓ’ తగిలించారన్నది నాకు నమ్మదగ్గ వివరణ. పాపం, పేరు సార్థకమైంది కూడా. యుద్ధకాలంలో మేపడం భారమై, 1920 జనవరిలో ఫుట్‌బాల్ విందుకు ఆ ఎద్దునే వండారు. అతిథులుగా వచ్చిన ఎ అండ్ ఎం వాళ్లకు 13–0 వాత ఉన్న వైపు తోలు బహుమతిగా ఇచ్చారు.

అచ్చులో ఉన్నదల్లా నిజమని మాత్రం అనుకోకండి. ఏ పత్రికలో అచ్చయిందో చూడాలి. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో 1931లో ఒక పత్రిక, క్యాంపస్ తవ్వకాల్లో పదహారో శతాబ్దపు ఒనొండాగా అనే మూలవాసి తెగ నాయకుడి అవశేషాలు దొరికాయని రాసింది. దాన్నుంచి ‘సాల్టైన్ వారియర్’ మస్కట్ పుట్టింది. ఆ పత్రిక విద్యార్థుల హాస్యపత్రిక, కథ మొత్తం కల్పితం. మూలవాసి విద్యార్థుల నిరసనతో 1978లో ఆ మస్కట్‌ను తీసేశారు. తర్వాత ఒట్టో అనే నారింజపండు మస్కట్ వచ్చింది. మీ కాలేజీలో కూడా తొలగించిన మస్కట్ ఉండే అవకాశం బాగా ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో చెట్టు రావడానికి కారణం కూడా 1972లో ‘ఇండియన్’, అంటే అమెరికా మూలవాసి, మస్కట్ పోవడమే. ఫలకం ఆ సంగతి ఎత్తదు, కాబట్టి పాత వార్షిక సంచికల అట్టలు చూడండి.

వెతికేటప్పుడు ఒక మెలకువ. డిజిటల్ భాండాగారంలో మస్కట్ పేరు కొడితే తొలి ఏళ్లలో ఏమీ రాదు, ఎందుకంటే అప్పటికి దానికి పేరే లేదు. ‘కుక్క’, ‘మేక’, ‘ఎద్దు’ అని కొట్టండి. పెద్ద పోటీ జరిగిన వారం తర్వాతి సంచిక నుంచి మొదలుపెట్టండి. నా గదిలో ఓ సంవత్సరం సంచికలు నీళ్లు తగిలి అట్టకట్టుకుపోయి ఉండేవి. సరిగ్గా కావలసిన ఏడాదే అలా ఉంటుంది లెండి. అప్పుడు పక్క ఊరి పత్రికే గతి.

పుట్టుక దొరికాక ఆనవాయితీల దగ్గరికి రండి. ఇక్కడ నిజానిజాల కంటే అది ఎలా నడుస్తోందన్నది ముఖ్యం. ఎ అండ్ ఎంలో 1931లో క్యాడెట్ల (సైనిక శిక్షణ పొందే విద్యార్థుల) కారు కింద పడబోయి గాయపడిన ఓ వీధికుక్కను వాళ్లు దొంగచాటుగా వసతిగృహంలోకి తెచ్చారు. తెల్లారి మేలుకొలుపు బాకా మోగగానే అది మొరిగింది. ఆ బాకా పాట పేరే దానికి పెట్టారు, రెవెలీ అని. ఇప్పుడు ఆ స్థానంలో కోలీ జాతి కుక్క ఉంటుంది, క్యాడెట్ల దళంలో అందరికన్నా పెద్ద హోదా దానిదే. తరగతిలో అది మొరిగితే పాఠం అయిపోయినట్టే అన్నది ఆనవాయితీ. చనిపోయిన రెవెలీలను స్టేడియం బయట, స్కోరు కనిపించేలా ముఖం తిప్పి పూడ్చారు. స్టేడియం పెంచినప్పుడు గోడ అడ్డొచ్చింది. అప్పుడు సమాధుల కోసమే ఓ చిన్న స్కోరు బోర్డు పెట్టారు.

పోటీ రోజున మస్కట్‌ను దగ్గరగా చూడాలంటే, దాని పక్కనే మామూలు దుస్తుల్లో నడిచే మనిషిని గమనించండి. వేషంలో ఉన్నవారికి పక్కలు కనిపించవు, మెట్లు అసలే కనిపించవు, నడిపించేది ఆ మనిషే. ప్రశ్నలుంటే ఆయన్నే అడగండి, వేషం మాట్లాడదు. తల తీసి చూపించమని మాత్రం అడగకండి.