అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌ని నెలనెలా ఎలా చెక్ చేయాలి?

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కట్టేశాం కదా ఇంక అంతా వాళ్లే చూస్తారు అనుకునే సెక్రటరీల కోసమే ఇది. మెకానిక్ వస్తాడు, మెషిన్ రూమ్‌లో పావుగంట ఉంటాడు, వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకుని పోతాడు, అయిపోయింది.

టార్చి, నోట్‌బుక్, తోడు ఒక మనిషి చాలు. మొదటి ఆదివారం పొద్దున్నే ఆరింటికి మొదలెట్టాలి, ఏడు దాటితే పాలకీ కూరలకీ జనం దిగుతూనే ఉంటారు.

ముందు పైదాకా ఎక్కి దిగండి. ప్రతి ఫ్లోర్‌లో క్యాబిన్ గచ్చుకి సమంగా ఆగాలి. అలారం, లైటు, ఫ్యాన్ చూడండి. తర్వాత ఖాళీ లిఫ్ట్ నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఆపిస్తే, ఏఆర్‌డీ అనే రెస్క్యూ పరికరం ఉన్న లిఫ్ట్ బ్యాటరీ మీద దగ్గరి ఫ్లోర్‌కి రావాలి.

ఇప్పుడు అసలు పని, తలుపు లాక్, అంటే క్యాబిన్ లేని ఫ్లోర్‌లో తలుపు తెరుచుకోకుండా పట్టేది. అందరికీ తాడు తెగుతుందనే భయం, కానీ తాళ్లు ఒకటి కాదు, పైగా తెగినా క్యాబిన్‌ని పట్టేసే సేఫ్టీని లిఫ్ట్‌లు తయారుచేసిన ఓటిస్ అనే ఆయన 1854లోనే న్యూయార్క్‌లో జనం ముందు తాడు తెంపించి మరీ చూపించాడు. లాక్ అరిగిన తలుపు లాగి, లిఫ్ట్ ఉందనుకుని చీకట్లో అడుగేస్తేనే ప్రాణం మీదికొచ్చేది.

క్యాబిన్‌ని కిందకి పంపి మెయిన్ ఆపేయండి. పై ఫ్లోర్లలో ఒక్కో తలుపు దగ్గర గడపకి మూరెడు వెనక నిలబడి, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ లాగండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. ఒకసారి లాగి వదిలేయొద్దు, అరిగిన లాక్ ఒకసారి పట్టి ఇంకోసారి జారుతుంది, అందుకే మూడుసార్లు. తెరుచుకుందా, తొంగిచూడకండి. మూసేసి, అడ్డంగా కుర్చీ వేసి, మనిషిని కాపలా పెట్టి మెకానిక్‌కి ఫోన్ చేయండి, మెయిన్ ఆన్ చేయొద్దు. అన్నీ బాగుంటే క్యాబిన్‌ని పైకి పంపి, మళ్లీ మెయిన్ ఆపి, కింది తలుపు కూడా ఇలాగే చూడండి.

దీనికి తిరగేసింది ఇంకోటుంది. మెయిన్ ఆన్ చేసి, క్యాబిన్ ఉన్న చోట తలుపు వారగా తెరిచి పట్టుకోండి, కాళ్లూ చేతులూ బయటే, లోపల ఎవరూ ఉండకూడదు, తోడు మనిషి వేరే ఫ్లోర్‌లో బటన్ నొక్కాలి. లిఫ్ట్ కదలకూడదు. మా మూడో ఫ్లోర్‌లో ఒకసారి కదిలింది! మాటిమాటికీ ఆగిపోతోందని వచ్చిన కుర్రాడు డోర్ కాంటాక్ట్‌ని (తలుపు మూస్తేనే లిఫ్ట్‌ని కదలనిచ్చే స్విచ్) చిన్న వైరు ముక్కతో షార్ట్ చేసి, పార్ట్ వచ్చేదాకా అని ఎవరికీ చెప్పకుండా పోయాడట. ఆటో డోర్ అయితే ఇవేవీ అక్కర్లేదంటారు గానీ, దాని బయటి తలుపు కూడా చేత్తో జరిపి చూడాల్సిందే.

వానాకాలంలో పిట్‌లో (లిఫ్ట్ కింది గుంటలో) నీళ్లున్నాయేమో మెకానిక్‌నే దిగి చూడమనండి, మీరు దిగొద్దు. నేనైతే అతను నాతో ఫ్లోర్లన్నీ తిరిగాకే సర్వీస్ షీట్ మీద సంతకం పెడతా. మొన్న ఒకతను టైం లేదన్నాడు, ఖాళీ షీట్‌తోనే వెళ్లాడు.