స్నేహితుడికి చేబదులు ఇచ్చే పద్ధతి

తెనాలిలో ప్రోనోట్లు, దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి. నా బల్ల దగ్గరికి స్నేహితులు అప్పు పుచ్చుకునే రోజు ఒకే బండి మీద వస్తారు. గడువు దాటాక విడివిడిగా వచ్చి "నువ్వే రాశావుగా, నువ్వే చెప్పు" అంటారు. అందుకని నాకు తెలిసినంత ముందే చెబుతున్నాను.

ఇస్తారో లేదో అడిగిన రోజే తేల్చేయండి. "చూద్దాం, వచ్చే వారం కలువు" అంటే అతను డబ్బు వచ్చినట్టే లెక్కలేసుకుంటాడు, ఇంకొకర్ని అడగడు. మనం మంచివాళ్లం అనిపించుకోవడానికి వాయిదా వేస్తాం, ఆ వారం నష్టం మాత్రం అతనిది. లేదనేటప్పుడు కారణం ఒక్కటే చెప్పండి. మూడు చెప్పినవాణ్ణి ఎవరూ నమ్మరు. "మా ఆవిడ ఒప్పుకోవడం లేదు" అని తోసేయకండి, రేపు అతను భోజనానికి వస్తే వడ్డించాల్సింది ఆవిడే. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, ఇక్కడ రాయను.

ఎంత ఇవ్వాలి? తిరిగి రాకపోయినా సరే, వాళ్లింటి పెళ్లికి వెళ్లి మీరు ప్రశాంతంగా భోంచేయగలిగినంత. లక్ష అడిగితే అది ముప్పై వేలే కావచ్చు. "ఇంతే సర్దగలను" అనండి. 20,000, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి.

వడ్డీ తీసుకునేట్టయితే ముందే చెప్పండి. నూటికి రెండు రూపాయలంటే వినడానికి రెండే, ఏడాదికి 24 శాతం. వద్దనుకుంటే ఆ సంగతి మరచిపోండి. "వాడి దగ్గర వడ్డీ కూడా తీసుకోలేదు" అని నలుగురిలో చెప్పుకోవడం ఉందే, అంత రేటు వడ్డీ నేను ఏ నోటులోనూ రాయలేదు.

"మన మధ్య కాగితాలేంటి?" అనేది ఎక్కువగా ఇచ్చేవాడే. అప్పుడు పెద్దమనసు చూపించుకోవాలనిపిస్తుంది మరి. ప్రోనోటు రాయించండి. మూడేళ్లు గడిచేసరికి ఇచ్చినవాడి జ్ఞాపకంలో అంకె పెరుగుతుంది, పుచ్చుకున్నవాడి జ్ఞాపకంలో తేదీ జరుగుతుంది. ఇద్దరూ అబద్ధాలాడరు, అదే చిక్కు. రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం ఉంటే చాలు. సాక్షులు చట్టానికి అక్కర్లేదు, మనకు అలవాటు. పెట్టుకున్నా ఇద్దరికీ కావలసినవాణ్ణి మాత్రం పెట్టకండి, పాపం తేడా వస్తే అతనికి ఇద్దరు స్నేహితులు పోతారు. అడగ్గానే ఇవ్వాలని రాసిన నోటు మూడేళ్లు చెల్లుతుంది. ఈలోగా కొంత కడితే నోటు వెనక చెల్లు వేయించి, అంటే ఎంత, ఎప్పుడు కట్టాడో రాయించి, అతని సంతకం చేయించుకోండి, అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు.

ఇక తిరిగి అడగడం. అనుకున్న తేదీకి వారం ముందు ఫోన్ చేసి "నెలాఖరుకు కుదురుతుందా?" అని సూటిగా అడగండి. "ఊరికే చేశా, ఎలా ఉన్నావ్?" అని మొదలుపెట్టారో, ఇకమీదట మీరు నిజంగా ఊరికే చేసినా ఎత్తడు. వాట్సాప్ స్టేటస్‌లో నమ్మకద్రోహం మీద సూక్తులు పెట్టకండి. అతను తప్ప మిగతా అందరూ తమ గురించే అనుకుని టెన్షన్ పడతారు. వాళ్లింటికి వెళ్లినప్పుడు కొత్త టీవీ వంక అదేపనిగా చూడకండి. మొత్తం లేదంటే నెలకు రెండు వేలైనా పుచ్చుకోండి. మనిషి తప్పించుకు తిరిగేది డబ్బు లేక కొంత, ముఖం చూపించలేక మరికొంత. నెలనెలా ఎంతోకొంత కట్టేవాడు సంతలో ఎదురుపడితే పక్కకు తప్పుకోడు.

బాకీ తీరిన రోజు నోటు అతని చేతికిచ్చేయండి. "ఎక్కడో బీరువాలో ఉంది, వెతికి ఇస్తాలే" అనకండి. ఆ రోజు టీ డబ్బులు కూడా అతన్నే ఇవ్వనివ్వండి.