తెల్లబోయిన డాష్‌బోర్డు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు జీడి గింజలు, చింతపండు హోల్‌సేల్ చేసే కొట్లలో నేను చూసే పని ఒకటే: అందరూ రాసుకునే పేజీలో అమ్మకాల డాష్‌బోర్డు, అంటే అంకెలు, చార్టులు ఒకే తెర మీద చూపేది, సరిగ్గా కనిపించేలా చేయడం. కొందరికి ఆ పేజీ నోషన్‌లో ఉంటుంది, కొందరికి గూగుల్ సైట్స్‌లో, ఒకరిద్దరికి కాన్‌ఫ్లుయెన్స్‌లో. డాష్‌బోర్డు గూగుల్ వాళ్ల లుకర్ స్టూడియోలోనో మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐలోనో తయారు చేసినదై ఉంటుంది. ఏది వాడినా ఫిర్యాదు మాత్రం ‘డాష్‌బోర్డు పోయింది’ అనే వస్తుంది. నిజానికి డాష్‌బోర్డు పోవడం అరుదు. మధ్యలో ఉన్న లింకో, లాగినో, డేటా తెచ్చే కంప్యూటరో మొరాయిస్తుంది.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోవాలి. పేజీలో కనిపించే డాష్‌బోర్డు ఆ పేజీలో ఉండదు. అది వేరే సర్వర్‌లో ఉంటుంది, మీ పేజీ దానికి కిటికీ మాత్రమే. కాబట్టి మొదట ఆ లింకును కాపీ చేసి విడిగా కొత్త ట్యాబ్‌లో తెరవండి. తర్వాత అదే లింకును ఇన్‌కాగ్నిటోలో, అంటే మీ లాగిన్లేవీ గుర్తుండని ప్రైవేటు విండోలో తెరవండి. మామూలు ట్యాబ్‌లోనే తెరుచుకోకపోతే గొడవ డాష్‌బోర్డులోనో డేటాలోనో ఉంది. మామూలుగా తెరుచుకుని ఇన్‌కాగ్నిటోలో లాగిన్ అడిగితే అది అనుమతుల గొడవ. రెండింట్లోనూ బాగానే ఉండి పేజీలో మాత్రం రాకపోతే మీరు పెట్టిన లింకే తప్పు. ఈ పరీక్ష చేయకుండా సెట్టింగులు కెలికితే ఉన్న గొడవకు తోడు ఇంకోటి తగులుకుంటుంది.

పేజీలో బూడిద రంగు డబ్బా, ‘రెఫ్యూజ్డ్ టు కనెక్ట్’ అన్న మాట

చాలా సైట్లు తమ పేజీని ఇంకొకరి పేజీలో చూపించనివ్వవు. సర్వర్ పంపే ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అనే హెడర్, లేదా కంటెంట్ సెక్యూరిటీ పాలసీలోని ఫ్రేమ్-యాన్సెస్టర్స్ అనే నియమం బ్రౌజర్‌కు ‘ఇక్కడ చూపించకు’ అని చెబుతుంది. ఒకరి పేజీని కనపడకుండా పైన పరిచి, జనం చేత తెలియకుండా బటన్లు నొక్కించే మోసాన్ని ఆపడానికి పెట్టిన కట్టడి ఇది. దాన్ని తప్పించుకునే ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి. ఆఫీసు కంప్యూటర్‌లో వాటిని వేయకండి.

ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, అడ్రస్ బార్‌లో ఉన్న లింకును తెచ్చి అతికిస్తారు. కావాల్సింది ఎంబెడ్ లింకు, అంటే ఇంకో పేజీలో పొదగడానికని ఇచ్చే లింకు. లుకర్ స్టూడియోలో ఫైల్ మెనూలో ఎంబెడ్ రిపోర్ట్ ఉంటుంది, అక్కడ ముందు ఎంబెడింగ్‌ను ఎనేబుల్ చేస్తేనే పనికొచ్చే లింకు వస్తుంది. ఆ లింకులో ‘ఎంబెడ్’ అన్న మాట కనిపించాలి, లేదంటే మీ చేతిలో ఉన్నది మామూలు లింకే. పవర్ బీఐలో ఫైల్, ఎంబెడ్ రిపోర్ట్, వెబ్‌సైట్ ఆర్ పోర్టల్ అన్న దారిలో వెళ్లాలి. గ్రఫానా అనే ఇంకో డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఎంబెడింగ్ మొదటి నుంచే ఆపేసి ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో సెక్యూరిటీ కింద ‘అలో ఎంబెడింగ్’ను ట్రూ చేసి సర్వర్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి.

మెటాబేస్ అనే డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌ను గోదాములోని కంప్యూటర్ మీదే నడిపేవాళ్లకు ఇంకో చిక్కు. లింకు 192.168తోనో లోకల్‌హోస్ట్‌తోనో మొదలైతే అది ఆ వైఫై దాటి, లేదా ఆ కంప్యూటర్ దాటి బయటకు రాదు. పైగా నోషన్ పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే భద్రమైన లింకులో ఉంటుంది, మీ మెటాబేస్ ఉత్త హెచ్‌టీటీపీలో ఉంటే బ్రౌజర్ లోపలికి రానివ్వదు. దానికి సర్టిఫికెట్ ఉన్న సొంత డొమైన్ పెట్టుకోవాలి. లేదంటే క్లౌడ్‌కు మార్చుకోవాలి. చిన్న కొట్టుకైతే క్లౌడే మేలంటాను, రాత్రి కరెంటు పోయినప్పుడల్లా లేచి చూసేవాళ్లెవరు?

‘అన్నా, నీకు వస్తోంది గానీ నాకు తెల్లగానే ఉంది’

రాయగడ బ్రాంచి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఇక్కడ తాళాలు మూడున్నాయి, మూడూ విడివిడిగా తీయాలి. పేజీ చూసే అనుమతి ఒకటి, డాష్‌బోర్డు చూసే అనుమతి ఇంకొకటి, దాని వెనక ఉన్న షీటునో డేటాబేస్‌నో చదివే అనుమతి మూడోది. నోషన్‌లో కొత్త కుర్రాడిని చేర్చినంత మాత్రాన లుకర్ స్టూడియోకు అతనెవరో తెలియదు.

ఏ తాళం పడిందో తెర చూసి చెప్పొచ్చు. మొత్తం తెల్లగా వచ్చినా, ‘యాక్సెస్ లేదు’ అన్నా రెండో తాళం: అతని మెయిల్‌కు రిపోర్టును షేర్ చేయాలి. శీర్షికలు, గీతలు వచ్చి ఒక్కో చార్టు దగ్గర మాత్రం ఎర్రర్ ఉంటే మూడోది. లుకర్ స్టూడియోలో డేటా సోర్స్‌ను ఎడిట్ చేసి క్రెడెన్షియల్స్ (ఎవరి హక్కుతో డేటా చదవాలి అన్నది) చూడండి. ‘వ్యూయర్’ అని ఉంటే చూసే ప్రతి ఒక్కరికీ ఆ షీటు మీద హక్కు ఉండాలి. ‘ఓనర్’ అని ఉంటే ఓనర్ హక్కుతో అందరికీ కనిపిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ ఓనర్ పని మానేసిన పాత గుమస్తా అయి, అతని అకౌంట్ మూసేస్తే, ఆ రోజు నుంచి అందరికీ ఒకేసారి ఆగిపోతుంది. డేటా సోర్స్‌ను ఎప్పుడూ కొట్టు పేరు మీదున్న అకౌంటుతోనే తయారు చేయించండి.

పవర్ బీఐలో లాగిన్ అయినా రాకపోతే లైసెన్సు చూడండి. సెక్యూర్ ఎంబెడ్‌ను (పైన చెప్పిన ‘వెబ్‌సైట్ ఆర్ పోర్టల్’ లింకును) చూసేవాళ్లకు కూడా ప్రో లైసెన్సు ఉండాలి, లేదా ఆ రిపోర్టు ప్రీమియం కెపాసిటీలో ఉండాలి. తయారు చేసినవాడికి ఒక్కడికే కొంటే చాలనుకుని ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ల్యాప్‌టాప్‌లో వచ్చి ఐఫోన్‌లో రాకపోతే అది కుకీల (మీ లాగిన్‌ను బ్రౌజర్‌లో గుర్తుంచే చిన్న ఫైళ్ల) సంగతి. మీ పేజీ ఒక సైటు, డాష్‌బోర్డు ఇంకో సైటు. ఇలా వేరే సైటు పెట్టే కుకీలను సఫారీ 2020 నుంచి పూర్తిగా ఆపేస్తోంది. అందుకని విడి ట్యాబ్‌లో లాగిన్ అయినా కిటికీలోకి ఆ లాగిన్ చేరదు, మళ్లీ మళ్లీ సైన్ ఇన్ అడుగుతుంది. ప్రతి ఫోనులో ప్రైవసీ సెట్టింగ్ మార్పించే బదులు ఎంబెడ్ కిందనే ‘విడిగా తెరవండి’ అని మామూలు లింకు ఒకటి పెట్టండి. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలోనూ ఈ కట్టడే ఉంటుంది, పరీక్ష చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

ఈ తలనొప్పులన్నిటికీ విసిగిపోయి కొందరు పవర్ బీఐలో ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కేస్తారు. వెంటనే అందరికీ కనిపిస్తుంది, నిజమే. లోకంలో ఎవరికైనా కనిపిస్తుంది! మీ నోషన్ పేజీ ఎంత గుట్టుగా ఉన్నా లాభం లేదు, ఆ లింకుకు లాగిన్ ఉండదు. ఏ పార్టీకి ఏ ధరకు ఇచ్చారు, ఎవరి బాకీ ఎంత అన్నది అలాంటి డాష్‌బోర్డులో ఉండకూడదు. మొత్తాలు మాత్రం చూపే డాష్‌బోర్డు ఒకటి, పేర్లు, బాకీలు ఉన్నది ఇంకోటి, వేరువేరుగా చేసుకోండి. ఇక్కడ నేను మొహమాటపడను, షావుకారు అడిగినా సరే.

డాష్‌బోర్డు వస్తుంది, అంకె నిన్నటిదే

‘లైవ్’ అని పేరే గానీ ప్రతిదానికీ ఒక గడువు ఉంటుంది. లుకర్ స్టూడియోకు గూగుల్ షీటు కలిపితే మామూలుగా 15 నిమిషాలకోసారి కొత్త డేటా తెచ్చుకుంటుంది. గూగుల్ డేటాబేస్ బిగ్‌క్వెరీ అయితే మార్చకపోతే 12 గంటలు. డేటా సోర్స్‌లో డేటా ఫ్రెష్‌నెస్ దగ్గర తగ్గించుకోవచ్చు. పవర్ బీఐ ప్రోలో రోజుకు 8 సార్లకు మించి షెడ్యూల్ రిఫ్రెష్ పెట్టలేరు, ప్రీమియంలో 48. వరసగా నాలుగుసార్లు రిఫ్రెష్ విఫలమైతే షెడ్యూలే ఆగిపోతుంది. రెండు నెలలు ఆ రిపోర్టును ఎవరూ తెరవకపోయినా ఆగుతుంది. వైఫల్యాల వల్ల ఆగితే, కారణం సరిచేశాక షెడ్యూల్‌ను చేత్తో మళ్లీ ఆన్ చేయాలి, దానంతట అది లేవదు.

ఆ నాలుగు వైఫల్యాలు ఎందుకు వస్తాయంటే, డేటా కొట్టులో కంప్యూటర్ మీద ఉంటుంది. అక్కడి నుంచి పైకి పంపేది గేట్‌వే. ఆ కంప్యూటర్ ఆపేసినా, నిద్రలోకి వెళ్లినా, నెట్ పోయినా గేట్‌వే ఆఫ్‌లైన్. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ నుంచి ఓడీబీసీ అనే కనెక్షన్‌తో డేటా లాగేవాళ్లకైతే టాలీ తెరిచి ఉండి, అందులో మీ కంపెనీ లోడ్ అయి ఉండాలి. సాయంత్రం గుమస్తా శుభ్రంగా అన్నీ మూసేసి ఇంటికి వెళ్తాడు, రాత్రి 9 గంటల రిఫ్రెష్ పడిపోతుంది. రిఫ్రెష్ వేళలను కొట్టు తెరిచి ఉండే గంటల్లోకి జరిపితే సగం ఫోన్లు తగ్గుతాయి. పవర్ సెట్టింగుల్లో స్లీప్ తీసేయండి.

తెల్లవారుజామున లోడింగ్ జరిగే కొట్లకు ఇంకోటి. నాలుగున్నరకు బయలుదేరిన లారీ అప్పుడు చూస్తే ‘ఈ రోజు’ లెక్కలోకి రాదు. పవర్ బీఐ సర్వీసు గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది, మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందున్నాం. అందుకే ఉదయం 5:30 దాకా దాని దృష్టిలో ఇంకా నిన్నే. ఫార్ములాలో టుడే వాడిన చోట యూటీసీనౌకు ఐదున్నర గంటలు కలిపి తేదీ తీసుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది: డాష్‌బోర్డు పై మూలన ‘చివరగా డేటా వచ్చిన వేళ’ అని పెట్టండి. అది లేని డాష్‌బోర్డును నేను నమ్మను.

అన్నీ బాగానే ఉన్నాయి, మొత్తం మాత్రం ఎక్కువ చూపుతోంది

ఎర్రర్ ఉండదు గనక ఎవరూ ఫోన్ చేయరు. మన సరిహద్దు కొట్లకు ఇది ప్రత్యేకంగా తగిలే జబ్బు. ఒడిశాలో ఒక బ్రాంచి, ఆంధ్రలో ఒక బ్రాంచి ఉంటే పాన్ ఒకటే అయినా జీఎస్టీ నంబర్లు రెండు: ఒకటి 21తో, ఇంకోటి 37తో మొదలవుతాయి. పర్లాకిమిడి గోదాము నుంచి పలాస బ్రాంచికి 100 బస్తాల జీడి గింజలు పంపితే చట్టం దృష్టిలో అదీ సరఫరాయే, టాక్స్ ఇన్వాయిస్ వేయాలి. పలాస వాళ్లు ఆ 100 బస్తాలనే ఫ్యాక్టరీకి అమ్ముతారు. రెండు ఇన్వాయిస్‌లనూ కూడిన డాష్‌బోర్డు 200 బస్తాలు అమ్మినట్టు చూపుతుంది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాల్లో 3 నుంచి 12 దాకా ఉన్నవి పాన్. షీటులో మిడ్ ఫార్ములాతో మూడో అక్షరం నుంచి పది అక్షరాలు తీసి, కొన్నవాళ్ల పాన్ మన పాన్‌తో కలిస్తే ‘బదిలీ’ అని గుర్తు పెట్టి, ఆ వరసలను అమ్మకాల చార్టు నుంచి తీసేయండి. అయితే షీటు నుంచే చెరిపేయకండి, రిటర్ను వేసేటప్పుడు ఆడిటర్‌కు కావాలి.

గింజలు 80 కిలోల బస్తాల్లో, పప్పు కిలోల్లో రాసి ఒకే కాలమ్‌లో కూడినా ఇదే గతి. కిలోల కాలమ్ వేరే పెట్టండి.

చార్టులో ప్రతి నెలా 12వ తేదీ దాకానే అమ్మకాలు ఉండి, అవి కూడా ఏ నెలవో తెలియకుండా చెదిరి ఉంటే షీటు లొకేల్ (ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలన్న సెట్టింగ్) అమెరికాలో ఉందన్నమాట. 03/04ను మనం ఏప్రిల్ 3 అని రాస్తే అది మార్చి 4 అనుకుంటుంది. 12 దాటిన తేదీలను తేదీలుగానే గుర్తించదు. ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లో ఇండియా ఎంచుకుని, పాత తేదీలను ఒకసారి సరిచూసుకోవాలి.

ఫిల్టర్‌లో బరంపురం, బెర్హంపూర్, బ్రహ్మపుర అని మూడు బ్రాంచీలు కనిపిస్తే ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. టైపు చేసే గడికి డేటా వాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ పెట్టేయండి. గుమస్తా కాలమ్ శీర్షిక మార్చినందుకు చార్టు విరిగితే డేటా సోర్స్‌లో రిఫ్రెష్ ఫీల్డ్స్ నొక్కి, కొత్త పేరును చార్టుకు మళ్లీ కలపాలి.

కొండల వైపు ఫోన్లలో డాష్‌బోర్డు లోడ్ కాకుండా చక్రం తిరుగుతూనే ఉంటుంది

గుణుపురం దాటి లోపలికి వెళ్లేవాళ్లకు సిగ్నల్ అంతంత మాత్రం. ఒకే పేజీలో ఐదు డాష్‌బోర్డులు పెడితే ఐదూ ఒకేసారి లాగుతాయి. ఒక్కోదానికి ఒక్కో పేజీ పెట్టండి, సరుకు కొనడానికి తిరిగేవాళ్లకు రెండు మూడు అంకెలున్న చిన్న డాష్‌బోర్డు విడిగా చేసివ్వండి. వాళ్లకు కావాల్సింది ఈ రోజు కొనుగోలు ధర, గోదాములో ఉన్న సరుకు. గ్రాఫులు ఆఫీసులో కూర్చున్నవాళ్లు చూసుకుంటారు.