వెబ్‌ నుంచి ఎస్సెమ్మెస్‌ – 4వ పాఠం: ఒక్క మెసేజ్‌కి మూడు క్రెడిట్లా?

ఈసారి డెలివరీ రిపోర్టుల గురించి చెప్పాలనుకున్నాను. కానీ పోయిన పాఠం చేసినవాళ్లందరిదీ ఒకటే గోల: "ఒక మెసేజ్‌ పంపితే మూడు క్రెడిట్లు పోయాయండీ!" తప్పు నాదే. నేనిచ్చిన ఇంగ్లీషు నమూనాలో ₹ గుర్తు ఉంది.

ఎస్సెమ్మెస్‌లో చోటు 140 బైట్లే. మామూలు ఇంగ్లీషు ఒక్కో అక్షరానికి 7 బిట్లు చాలు, అందుకే 160 పడతాయి. ఆ 7 బిట్ల పట్టికలో ₹ లేదు. అది ఒక్కటి దూరితే మెసేజ్‌ మొత్తం అక్షరానికి 16 బిట్ల పద్ధతిలోకి మారుతుంది, పరిమితి 70కి పడిపోతుంది. అది దాటితే ముక్కలు. ముక్కల్ని అతికించే సమాచారానికి 6 బైట్లు పోగా ముక్కకి 67 మిగులుతాయి. ఆ నమూనాలోని 150 అక్షరాలు మూడు ముక్కలయ్యాయి, మూడు క్రెడిట్లు పోయాయి.

వర్డ్‌ నుంచి కాపీ చేస్తే వచ్చే వంకర కొటేషన్‌ మార్కులదీ ఇదే కథ. కంటికి తేడా తెలీదు, బిల్లుకి తెలుస్తుంది. నేనైతే మెసేజ్‌ని నోట్‌ప్యాడ్‌లోనే టైపు చేస్తాను. ₹ తీసేసి ఇంగ్లీషులో ఆర్‌ఎస్‌ అని రాయండి. అయితే కోడ్‌లో మారిస్తే సరిపోదు. డీఎల్‌టీలో (వ్యాపార మెసేజ్‌లని ముందే నమోదు చేసుకునే టెలికాం వేదికలో) ఆమోదం పొందిన టెంప్లేట్‌తో మాట తేడా వచ్చినా మెసేజ్‌ ఆగిపోతుంది. ముందు అక్కడ మార్చి, మళ్లీ ఆమోదం తెచ్చుకోండి.

తెలుగులో పంపితే ఎలాగూ 70నే. పైగా లెక్క మన కంటికి కనిపించే అక్షరాలది కాదు. "స్త్రీ" మనకి ఒకటి, ఫోనుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. "అమ్మ" నాలుగు. "శ్రీకాకుళం" పది. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్‌ ఫంక్షన్‌ కూడా ఇదే లెక్క చెబుతుంది, ఎమోజీల దగ్గర మాత్రం నమ్మకండి. చాలా ఎమోజీలని అది ఒకటంటుంది, మెసేజ్‌లో రెండు పడతాయి.

అలాగని తెలుగు మానక్కర్లేదు. పాలకేంద్రం నుంచి రైతుకి వెళ్లే ఈ మెసేజ్‌ చూడండి:

పాలు 6.2 లీ, వెన్న 4.1, రూ. 241

ఖాళీలతో కలిపి 31. మిగిలిన 39లో కేంద్రం పేరు పెట్టుకోవచ్చు. "గౌరవనీయులైన వినియోగదారులకు" అని మొదలుపెట్టారా, అక్కడే 26 అయిపోతాయి.

అభ్యాసం: మెసేజ్‌ ఇస్తే ఎన్ని ముక్కలవుతుందో చెప్పే ఫంక్షన్‌ రాయండి. లైబ్రరీ వాడకూడదు. 160, 161, 70, 71 దగ్గర పరీక్షించండి. ఇంగ్లీషు మెసేజ్‌లో మీసాల బ్రాకెట్లు రెండేసిగా లెక్కకొస్తాయి, అదీ చూసుకోండి.